కండక్టరు లేని బస్సు

మా తమ్ముడి టైలరు షాపులో కుర్చీలు రెండే. వినేవాళ్ళు మాత్రం ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే ఉంటారు. గుడ్డ కోసినంత తేలిగ్గా మాటలు కోస్తాడు వాడు. కుట్టుకి వచ్చినవాళ్ళు కథకి కూర్చుంటారు, కథకి వచ్చినవాళ్ళు మొహమాటపడి ఒక చొక్కా కుట్టించుకుంటారు. షాపు అలాగే నడుస్తోంది.

ఆ సాయంత్రం నేను వెళ్ళింది కథ వినడానికి కాదు. మా అబ్బాయి యూనిఫారం చొక్కా జేబు కుట్టించడానికి.

మా అబ్బాయి బస్సు కండక్టరు. ఇంకా పర్మనెంటు కాలేదు. వారం కిందట వాడి బస్సులో ఒకతను ఫోనులో పాటలు గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడట. మావాడు తగ్గించమన్నాడట. తర్వాత ఏదో గొడవైంది. ఆ ఫోను కిటికీలోంచి పడి, రోడ్డు పక్కన అప్పుడే పోసిన పచ్చి సిమెంటులో కూరుకుపోయింది. అతను మావాడి జేబు పట్టుకుని లాగాడు. కండక్టరు కావాలనే విసిరేశాడని డిపోలో ఫిర్యాదు చేశాడు. ఆ రోజు నుంచి మావాణ్ణి డ్యూటీ ఎక్కనివ్వడం లేదు.

"నా చెయ్యి తగిలి పడిందమ్మా" అన్నాడు నాతో. ఎలా తగిలిందో, ఎందుకు తగిలిందో ఒక్క ముక్క చెప్పలేదు.

రేపే విచారణ. కావాలని చేసింది కాదని చెప్పే మనిషి ఒక్కరైనా ఉంటే తీసుకురమ్మన్నారు. బస్సు నిండా జనం ఉన్నారు గానీ చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. డ్రైవరు నేను రోడ్డు చూస్తున్నాను అన్నాడు. ఎవరూ రాకపోతే ఉద్యోగం పోయినట్టే.

ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టాడన్నాను. తమ్ముడికీ అదే చెప్పాను. వాడికి ఒక మాట చెబితే వీధంతా తెలుస్తుంది, అదీ పదింతలై.

షాపులో ఇద్దరున్నారు. ఒకాయన పక్క షాపులో వాచీలు బాగుచేసే ఆయన. బేరం లేనప్పుడల్లా ఇక్కడే ఉంటాడు. ఇంకొకరు కొత్తగా లాయరైన కుర్రాడు. కోటు ట్రయలుకి వచ్చి, అద్దం ముందు ఒక్క చెయ్యి ఉన్న కోటు తొడుక్కుని, ఒళ్ళంతా గుండుసూదులతో కదలకుండా నిలబడ్డాడు. లోపలి గుమ్మం దగ్గర పీట మీద మా మరదలు కాజాలు కుడుతోంది. ఆమె అక్కడ ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

చొక్కా బల్ల మీద పెట్టాను. తమ్ముడు జేబు చూశాడు. ఎలా చిరిగిందని అడుగుతాడనుకున్నాను. చెప్పడానికి అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చాను. వాడు అడగలేదు.

"రేప్పొద్దున్నకి కావాల్రా" అన్నాను.

"ఇప్పుడే ఇచ్చేస్తా కూర్చో అక్కా" అని మిషను ముందుకి జరిగాడు. ఇంకేమీ అనలేదు.

వాచీలాయనకి అది నచ్చలేదు. "ఏం మాస్టరూ, ఇవాళ నోటికి కూడా కుట్టేసుకున్నావా? మొన్న బస్సులో పాటలవాడి సంగతి చెప్తానన్నావు. ఇవాళ చెప్తావా, మళ్ళీ వాయిదానా?"

తమ్ముడు ఒకసారి నావైపు చూశాడు. నేనేమీ అనుకోలేదు. ఈ రోజుల్లో పాటలు లేని బస్సేది?

"అదా" అన్నాడు. "అదేం పెద్ద విషయం కాదులే. మనం చేసేవాటిల్లో అది లెక్కలోకే రాదు. బస్సులో ఒకడు పాటలు గట్టిగా పెట్టాడు, తగ్గించు బాబూ అన్నాను, తగ్గించాడు. అంతే."

"అంతేనా? దీనికా నన్ను ఇన్నాళ్ళు ఊరించావు?" అన్నాడు వాచీలాయన.

తమ్ముడు మిషను తొక్కడం మొదలెట్టాడు. దానితో పాటే నోరూ లేచింది.

"అంతే అంటే అంతే కాదనుకో. అంత తేలిగ్గా తగ్గించేవాడైతే నాదాకా ఎందుకొస్తుంది, బస్సులో ఇంకెవరూ మగాళ్ళు లేరా? అసలు వాడి దగ్గరున్నది ఉత్త ఫోను కాదు, దానికి ఒక డబ్బా తగిలించాడు, టిఫిను డబ్బా అంత ఉంటుంది, కాదు, అంతకన్నా పెద్దదే, ఇదిగో ఈ ఇస్త్రీపెట్టె అంత, సరిగ్గా చెప్పాలంటే ఈ మిషనంత..."

"ఇంకాస్త ఆగితే బీరువా అవుతుంది."

"నువ్వు చూశావా, నేను చూశానా? మిషనంతే అనుకో. పాట మొదలైంది. మొదలవగానే ముందు సీట్లో పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీంచి జారింది, పైకి తోసుకుంటే మళ్ళీ జారింది, అదీ తాళం తప్పకుండా. ఆ వెనకాయన ఒళ్ళో సంచీలో టమాటాలున్నాయి, అవి సంచీలోనే గుజ్జయిపోయి కింద నుంచి కారుతున్నాయి. వాన లేదు, చినుకు లేదు, ముందు అద్దం మీద వైపర్లు వాటంతటవే లేచి అటూ ఇటూ ఊగుతున్నాయి. డ్రైవరు బ్రేకు తొక్కితే తాళానికి తొక్కుతున్నాడు, నిలబడ్డవాళ్ళు తాళానికే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఆఖరికి బస్సు గుంతలో పడ్డం కూడా తాళానికే పడింది."

"మరి ఎవరూ తగ్గించమనలేదా?" అన్నాడు లాయరు కుర్రాడు, తల తిప్పకుండా అద్దంలోంచి.

"ఎలా అంటారు సార్? అందామని నోరు తెరిస్తే వాళ్ళ నోట్లోంచి కూడా ఆ పాటే వస్తోంది. ఒకావిడ పాపం, బాబూ తలనొప్పి అందామని లేచింది, లేచి చరణమంతా పాడి కూర్చుంది. తర్వాత సిగ్గుతో చీర కొంగు మొహాన కప్పుకుంది."

వాచీలాయన పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను. వారం తర్వాత నవ్వాను.

"అప్పుడు లేచాన్నేను. లేచి ఏం చేశానో తెలుసా? కొట్టలేదు, తిట్టలేదు. మెడలో టేపు ఉంటుంది కదా, అది తీసి పాటని కొలిచాను."

"పాటని ఎలా కొలుస్తావయ్యా?"

"అదే నీకూ నాకూ తేడా. నువ్వు టైముని పిన్నీసుతో గుచ్చి బాగుచేస్తావు, నేనెప్పుడైనా అడిగానా ఎలా అని? కొలిచాను. ఛాతీ యాభై రెండు. నడుమా, నడుముందో లేదో తెలీట్లేదు. చేతులైతే కిటికీల్లోంచి బయటికి వేలాడి రోడ్డు ఊడుస్తున్నాయి. బాబూ, ఈ పాట ఈ బస్సుకి మూడు సైజులు పెద్దది, పల్లవి దగ్గర ఇంత మడతేసి లోపలికి కుట్టాలి, రెండు నిమిషాల పని, అన్నాను మర్యాదగా. వాడేమన్నాడో తెలుసా? రెడీమేడు సార్, ఆల్టరేషను ఉండదు అన్నాడు. ఎవరితో? నాతో. ఆల్టరేషను ఉండదని నాతో అన్నాడు."

"పోయాడు" అన్నాడు వాచీలాయన.

"పోడు మరి? కత్తెర తీశాను. చరణం ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి చూసుకుని, సుద్దతో గీత గీసి, ఒక్క కోత. సగం పాట తెగి సీటు కింద పడింది. పడి కూడా ఊరుకోలేదు, బల్లి తోకలా కొట్టుకుంటోంది. తొక్కకండి బాబూ, తొక్కకండి అంటూనే ఉన్నాను, ఒకాయన వినకుండా దాని మీద కాలేశాడు. ఆయన చెప్పులు ఇవాళ్టికీ నడిస్తే మోగుతున్నాయట. ఆఫీసుకి వట్టి కాళ్ళతో వెళ్తున్నాడు."

"మాస్టరూ, నవ్వించకండి, సూదులు గుచ్చుకుంటున్నాయి" అన్నాడు లాయరు.

"ఇంకా అసలుది చెప్పలేదు సార్. సగం పాట పోతే వాడు ఊరుకుంటాడా? మిగతా సగానికి రెండింతలు సౌండు పెట్టాడు. ఇక నాకు ఒళ్ళు మండింది. ఫోను అందుకున్నాను, కిటికీలోంచి విసిరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడ పడిందో చెప్పు చూద్దాం."

"ఎక్కడ, చంద్రుడి మీదా?"

"సిమెంటులో."

నా నవ్వు ఆగిపోయింది.

"రోడ్డు పక్కన అప్పుడే పోశారు, పచ్చి సిమెంటు. బోర్డు కూడా పెట్టారు, తొక్కరాదని. సరిగ్గా ఆ బోర్డు పక్కన నిట్టనిలువుగా దిగింది. దిగుతూ దిగుతూ కూడా పాడుతోంది. పూర్తిగా మునిగాక పైకి బుడగలొస్తున్నాయి, ఒక్కో బుడగ పగిలితే ఒక్కో మాట వినిపిస్తోంది."

లాయరు నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. "మాస్టరూ, ఇది మాత్రం మరీ ఎక్కువైంది. పాటని కత్తెరతో కోశారంటే నమ్మాను. సిమెంటంటే నమ్మను."

"అవునయ్యా, కాస్త నమ్మేట్టు చెప్పు" అన్నాడు వాచీలాయన.

సిమెంటు సంగతి మా అబ్బాయి నాకు చెప్పాడు. నేను ఇంకెవరికీ చెప్పలేదు. బల్ల అంచు పట్టుకున్నాను.

మరదలి సూది కాజా మధ్యలో ఆగింది. తలెత్తలేదు.

తమ్ముడు నావైపు చూడలేదు. మిషను ఇంకా జోరుగా తొక్కుతున్నాడు. ఒక జేబుకి అంత కుట్టు అవసరం లేదు.

"నమ్మరా? నమ్మకపోతే మానండి. మేస్త్రీ వచ్చి దాని మీద తాపీతో సాపు చేసేశాడు, చూసుకోకుండా. సిమెంటు గట్టిపడింది. గట్టిపడ్డాక ఏమైందో తెలుసా? రోడ్డే పాడుతోంది. చార్జింగు ఎలా అంటారేమో, పైన లారీలు తిరుగుతున్నాయి కదా, ఆ రాపిడికి చార్జింగు అదే ఎక్కుతుంది. సైకిలు వెళ్తే సన్నగా పాడుతుంది, లారీ వెళ్తే గొంతు బొంగురుపోతుంది. రెండు కార్లు ఎదురెదురుగా వస్తే యుగళగీతం."

"వినడానికి టిక్కెట్టు పెట్టారా?" అన్నాడు వాచీలాయన.

"పెట్టబోతే నేనే వద్దన్నాను. జనం చాపలు తెచ్చుకుని రోడ్డు మీద చెవులానించి పడుకుంటున్నారు. ఇంజనీర్లు వచ్చారు, తవ్వుదామని. ఒక గునపం పోటు వేశారో లేదో, అపశ్రుతి పలికింది. జనం ఊరుకున్నారా, గునపాలు లాక్కున్నారు. అక్కడ ఇప్పుడు ఎవరూ హారను కొట్టరు, కొడితే శ్రుతిలో కొట్టాలి. ఆ రోడ్డు మీద నడిచి బడికెళ్ళే పిల్లలు లెక్కలు కూడా రాగంలో చెప్తున్నారు. ఇదంతా ఎవరి వల్ల? నన్ను పిలిచి, మాస్టరుగారూ, ఊళ్ళో మిగతా రోడ్లన్నిట్లో కూడా తలా ఒక ఫోను మీ చేత్తోనే వేయాలి అన్నారు. నాకు కుట్టు పనుంది, ఆదివారాలైతే చూస్తానన్నాను. పక్క ఊరి వాళ్ళు అప్పుడే వచ్చి కూర్చున్నారు, మా వంతెనకి ఒక మంచి పాట కావాలి, విషాదం వద్దు, వంతెన కుంగుతుంది అని..."

ఊపిరి తీసుకోకుండా చెప్తున్నాడు. వాడి కథలు నేను వాడికి మాటలొచ్చినప్పటి నుంచి వింటున్నాను. చెప్పేటప్పుడు అందరి మొహాలూ చూస్తాడు. ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చూసుకుని, నవ్వనివాడికి ఇంకో ముక్క వేస్తాడు. ఆ రోజు ఎవరినీ చూడలేదు. సూది కిందున్న జేబుకే చెప్తున్నాడు.

లాయరు కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు. "అంతా బాగుంది మాస్టరూ. ఒక్కటే డౌటు. బస్సులో ఇంత జరుగుతుంటే కండక్టరేం చేస్తున్నాడు?"

మిషను ఆగింది.

"కండక్టరా?" అన్నాడు తమ్ముడు.

"ఆ, కండక్టరే. కొలిచారు, కోశారు, విసిరేశారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదా?"

తమ్ముడు దారం తెంపాడు. మళ్ళీ ఎక్కించబోయాడు. సూదిబెజ్జం దొరకలేదు.

"ఆ బస్సులో కండక్టరు లేడు" అన్నాడు.

"కండక్టరు లేని బస్సా?"

"లేడు సార్. కొత్త రకం బస్సు. సీట్లో కూర్చుంటే సీటే టిక్కెట్టిస్తుంది. చిల్లర కూడా అదే..."

"ఉన్నాడు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముగ్గురూ నావైపు తిరిగారు.

"ఉన్నాడు. మా అబ్బాయే ఆ కండక్టరు. నీ చేతిలో ఉన్నది ఆ రోజు వాడు తొడుక్కున్న చొక్కా. ఆ ఫోను వాడే విసిరేశాడని ఉద్యోగం ఆపేశారు. రేపు విచారణ."

వాచీలాయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.

"సెలవన్నావు కదక్కా" అన్నాడు తమ్ముడు.

"అబద్ధం చెప్పాను. పొద్దున పదింటికి డిపోకి రా. ఫోను నీ వల్ల పడిందని చెప్పు. కథేం వద్దు. అదొక్కటి చాలు."

వాడు నవ్వాడు. అందరి వైపూ తిరిగి నవ్వాడు. "మా అక్క చూడండి. అక్కా, నువ్వు కూడానా? పుట్టినప్పట్నుంచీ నన్ను చూస్తున్నావు, నా మాటలు ఎప్పుడైనా నమ్మావా? అంతా కోత. ఆ బస్సూ లేదు, ఆ పాటా లేదు, నేను ఆ రోజు షాపులోంచి కదల్లేదు. అమ్మతోడు."

ఒకప్పుడు రైలుని ఒంటి చేత్తో ఆపానన్నాడు. ఎవరూ నమ్మకపోతే అమ్మ మీద ఒట్టేసి నిజమన్నాడు. పులికి చొక్కా కుట్టానన్నాడు, దానికీ ఒట్టేశాడు. వాడి కథని వాడు అబద్ధమనడం నేను ఎన్నడూ వినలేదు. ఇప్పుడు ఒట్టేసి అబద్ధమంటున్నాడు.

"సిమెంటు సంగతి నీకెలా తెలుసురా?"

"ఏదో నోటికొచ్చింది. రోడ్డన్నాక సిమెంటుండదా? సార్, మీరైనా చెప్పండి..."

లాయరు మిషను మీదున్న జేబు వైపు చూశాడు.

"ఆ బస్సులో నేనూ ఉన్నాను వదినా."

మరదలు. కాజా కుడుతున్న చొక్కా పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు తమ్ముడు.

ఆమె వెళ్ళలేదు.

"బజార్లో గుడ్డలు తీసుకుని తిరిగొస్తున్నాం. ఈయన ఒక్క మాట అనలేదు. చెవులు మూసుకుని కూర్చున్నారు. పాట తగ్గించమన్నది మీవాడే. అన్నా, కాస్త తగ్గించండి అన్నాడు. అతను తగ్గించాడు కూడా. ఫోను కిటికీ అంచు మీద పెట్టుకున్నాడు. మా స్టాపొచ్చింది. దిగిపోవాలనే తొందరలో మీ తమ్ముడు మూట భుజానికెత్తి గిర్రున తిరిగారు. మూట తగిలి ఫోను బయట పడింది."

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు.

"అతను లేచి, ఎవడు, ఎవడు పడేసింది అని అరిచాడు. ఈయన అప్పటికే మెట్ల మీదున్నారు. మీవాడు ఈయన్ని చూశాడు. మామయ్య అనలేదు. నా చెయ్యి తగిలింది సార్, పొరపాటు, అన్నాడు. అతను జేబు పట్టుకున్నాడు."

"ఆ తర్వాత?" అన్నాను.

"కింద నుంచి చూశాం. లోపల మీవాణ్ణి ఊపేస్తున్నారు. వెళ్దాం రండి అన్నాను. ఈయన నా చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కొచ్చేశారు."

"అక్కా" అన్నాడు తమ్ముడు. "దిగాక ఏం జరిగిందో నాకు నిజంగా తెలీదు."

"తెలుసు" అంది మరదలు. "సందు చివరిదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చాక, వాడు చూసుకుంటాడులే, వాడి బస్సు అన్నారు. ఉద్యోగం ఆపేశారని నాకు తెలీదు వదినా. తెలిస్తే ఇంతసేపు కాజాలు కుట్టను. ఇవాళ ఆ జేబు చూశాను. ఈయనా చూశారు. అందుకే ఇంత కథ."

వారం రోజులుగా అన్నం ముందు తల వంచుకుని కూర్చున్న మా అబ్బాయి గుర్తొచ్చాడు. అంత తొందరేంట్రా, చెయ్యి అదుపులో ఉండొద్దా అని నేను వాణ్ణి తిట్టాను. ఒకసారి కాదు. వాడు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళి పడుకున్నాడు. మామయ్య మాట ఎత్తలేదు.

మరదలు మిషను దగ్గరికి వచ్చి చొక్కా అందుకుంది. తమ్ముడు జేబు మూతి కూడా కలిపి కుట్టేశాడు. ఒకటి మీద ఒకటి, వరసగా, చెయ్యి కాదు కదా వేలు కూడా దూరకుండా. ఆమె బ్లేడు తీసుకుని ఒక్కో కుట్టే విప్పడం మొదలెట్టింది. మేమంతా అది చూస్తూ నిలబడ్డాం. తమ్ముడి స్టూలు కిందంతా దారం ముక్కలు.

"రేపు నేనొస్తాను" అంది విప్పుతూనే. "ఎవరడిగినా ఇదే చెప్తాను."

"అక్కడ నలుగురిలో నువ్వేం మాట్లాడతావు?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు మాట్లాడినట్టే."

వాడు లేచాడు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనూ వస్తానక్కా. నిజమే చెప్తాను. మూట తగిలిందని చెప్తాను. ఒక్క ముక్క కూడా కలపను."

నేను వాడి వంక చూశాను. నమ్మాలనే ఉంది నాకు. వాడు చెప్పేది నిజమేనని కూడా తెలుసు. అయినా నమ్మకం కుదరలేదు.

వాచీలాయన గొంతు సవరించుకున్నాడు. వాడి కథలకి అందరికన్నా ముందు నవ్వేది ఆయనే.

"వద్దులే మాస్టరూ" అన్నాడు నెమ్మదిగా. "రేపు విచారణ చేసే డిపో ఆఫీసరు కిందటేడు ప్యాంటు నీ దగ్గరే కుట్టించుకున్నాడు. గంటసేపు ఇదే కుర్చీలో కూర్చుని నీ పులి కథ విన్నాడు. ఇంటికెళ్ళి వాళ్ళావిడకి కూడా చెప్పానన్నాడు."

తమ్ముడికి అర్థం కాలేదు. లాయరు కుర్రాడి వైపు చూశాడు.

లాయరు కోటు విప్పేశాడు. సూదులు గుచ్చుకోకుండా జాగ్రత్తగా బల్ల మీద పరిచాడు. "ఆయన చెప్పేది అదే మాస్టరూ. పడేసిన మనిషి వచ్చి ఒప్పుకుంటే మామూలుగా అంతకన్నా కావలసింది లేదు. కానీ మీరొచ్చి నిలబడి నేనే అంటే, మేనల్లుడి కోసం ఇంకో కథ అల్లాడనుకుంటారు. అప్పుడు ఈవిడ చెప్పింది కూడా నమ్మరు. మీరు రాకుండా ఉండటమే ఆ అబ్బాయికి మంచిది."

"నిజం చెప్పినా?"

"నిజం చెప్పినా."

షాపు ముందు నుంచి ఒక బస్సు వెళ్ళింది. లోపల ఎవరో పాట పెట్టుకున్నారు, గట్టిగానే. మాలో ఎవరం ఏమీ అనలేదు.

తమ్ముడు నావైపు తిరిగాడు. చిన్నప్పుడు ఎవరైనా ఒక మాట అంటే ఇలాగే నావైపు తిరిగేవాడు. నేను వాణ్ణి వెనకేసుకొచ్చేదాన్ని. మా తమ్ముడు అలాంటివాడు కాదని ఇంటింటికీ చెప్పొచ్చేదాన్ని. ఇప్పుడూ దానికే చూస్తున్నాడు. ఒక్కసారి వాళ్ళ మాట కాదను అక్కా అన్నట్టు.

మరదలు జేబు సరిగ్గా కుట్టి చొక్కా నా చేతికిచ్చింది.

"పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్యి. మావాడితో కలిసి ముగ్గురం వెళ్దాం" అన్నాను ఆమెతో.

చొక్కా మడత పెట్టుకుని బయటికి వచ్చేశాను.